బడిలో ఒక గది, వారంలో ఒక సాయంత్రం

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో రేడియోహెడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఆ పేరును తెలుగు అక్షరాల్లో చూడటం నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే అందులోని రెండు మాటలు సరికావు. వాళ్లు ఒక గ్యారేజీలో పుట్టారనీ, 'క్రీప్' అనే ఒకే ఒక్క పాటతో రాత్రికి రాత్రే లోకప్రసిద్ధులయ్యారనీ మీ వ్యాసకర్త రాశారు. ఆ బృందం పుట్టింది గ్యారేజీలో కాదు, ఒక బడిలోని సంగీతం గదిలో. బృందం పుట్టాక, ఆ పాట వాళ్ల సొంత దేశంలో ఇంటింటా వినబడటానికి ఎనిమిదేళ్లు పట్టింది. సవరణ చిన్నదే అనిపించవచ్చు గానీ, ఈ రెండు పొరపాట్లూ మా తిరుపతిలో కొందరు పిల్లల దారికి అడ్డం పడుతున్నాయి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయవలసి వచ్చింది.

నేను సంగీత విమర్శకుణ్ణి కాను. 1986 నుంచి పద్దెనిమిదేళ్లు గాంధీ రోడ్డులో క్యాసెట్ల దుకాణం నడిపినవాణ్ణి. కొండకు వచ్చిన యాత్రికులు తిరుగు ప్రయాణంలో సుప్రభాతమో, అన్నమాచార్య కీర్తనలో, గోవింద నామాలో కొనుక్కుని వెళ్లేవారు. దుకాణం నిలబడింది వాటి మీదే. వైద్య కళాశాల, విశ్వవిద్యాలయం హాస్టళ్ల నుంచి వచ్చే విద్యార్థులు మాత్రం ఇంగ్లీషు క్యాసెట్లు అడిగేవారు. వాళ్ల కోసం నెలకొకసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్లి, మౌంట్ రోడ్డు దుకాణాల్లో వెతికి తెచ్చేవాణ్ణి. 1993 చివర్లో ఒక వైద్య విద్యార్థి రేడియోహెడ్ తొలి ఆల్బము 'పాబ్లో హనీ' పేరు చీటీ మీద రాసి ఇచ్చాడు. రెండు దుకాణాల్లో లేదన్నారు, మూడో దుకాణంలో దొరికింది.

ఏ క్యాసెట్ అమ్మినా ముందు ఒకసారి వేసి చూసి ఇవ్వడం నా అలవాటు. ఆ రాత్రి షట్టర్ సగం దించి ఆ క్యాసెట్ పెట్టాను. రెండో పాట 'క్రీప్' మెల్లగా, దాదాపు జోలపాటలా మొదలైంది. పల్లవి అందుకోబోయే ముందు గిటారు తీగల మీద ఎవరో గొడ్డలి వేటు వేసినట్టు రెండు మూడు మొరటు శబ్దాలు వచ్చాయి. టేపు నలిగిందనుకున్నాను. క్యాసెట్ బయటికి తీసి, ప్లేయర్ హెడ్‌ను దూదితో, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే, అదే శబ్దం. అది టేపు లోపం కాదనీ, పాటలో ఉన్నదే అంతనీ మూడోసారి గాని అర్థం కాలేదు. ఆ బృందంలో అందరికంటే చిన్నవాడైన జానీ గ్రీన్‌వుడ్‌కు ఆ పాటలోని మెత్తదనం నచ్చలేదని, దాన్ని చెడగొట్టాలనే గిటారును అలా బాదాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. చెడగొట్టాలని చేసిన పని ఆ పాటకు ప్రాణమైంది. అలాంటి సాహసం కొత్తగా కలిసినవాళ్లకు రాదు. ఏళ్ల తరబడి ఒకే గదిలో ఒకరి తప్పులు ఒకరు విని, కోపాలు తెచ్చుకుని, మళ్లీ మర్నాడు వచ్చి కూర్చున్నవాళ్ల మధ్యనే సాధ్యమవుతుంది. అప్పటి నుంచి ఆ బృందం చరిత్రను దొరికినంత మేరకు వెతికి చదువుతూ వచ్చాను.

ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో, థేమ్స్ నది ఒడ్డున ఏబింగ్డన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి మగపిల్లల బడిలో టామ్ యార్క్, కాలిన్ గ్రీన్‌వుడ్ ఒకే తరగతివారు. ఎడ్ ఓబ్రయన్, ఫిలిప్ సెల్వే వాళ్లకంటే పెద్దవారు. కాలిన్ తమ్ముడు జానీ వాళ్లకంటే రెండు తరగతులు కింద చదివేవాడు. 1985లో వీళ్లు బడిలోని సంగీతం గదిలో సాధన మొదలుపెట్టారు. గది దొరికేది శుక్రవారం. అందుకని బృందానికి 'ఆన్ ఎ ఫ్రైడే' అనే పేరే పెట్టుకున్నారు. ఊరి పేరో, ఇంటి పేరో, పువ్వు పేరో పెట్టుకోవచ్చు. ఆ పిల్లలు తమకు గది దొరికిన రోజు పేరు పెట్టుకున్నారు. వాళ్ల వారమంతటిలో ఆ రోజు ఎంత విలువైనదో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ బడి పెద్దలందరూ వాళ్లను నెత్తిన పెట్టుకున్నారని కూడా అనుకోవద్దు. ఒక ఆదివారం సంగీతం గదిలో వాయించుకున్నందుకు ప్రధానోపాధ్యాయుడు బడి ఆస్తిని వాడుకున్నారంటూ బిల్లు పంపించాడని కాలిన్ ఒకసారి చెప్పాడు. వాళ్లను ఆదుకున్నది సంగీతం మాస్టారు టెరెన్స్ గిల్మోర్ జేమ్స్. ఆయన వాళ్లకు రాక్ సంగీతం నేర్పలేదు. జాజ్, సినిమాల నేపథ్య సంగీతం, ఇరవయ్యో శతాబ్దపు కొత్త రకం శాస్త్రీయ సంగీతం వినిపించాడు. ఈ పిల్లలు వాయించేది తనకు అలవాటైన సంగీతం కాకపోయినా గది తలుపు మూయలేదు. జానీ తర్వాతి కాలంలో సినిమాలకు వాద్యబృందాలతో సంగీతం రాసే స్థాయికి ఎదిగాడంటే, దాని వేరు ఆ గదిలోనే ఉందని నా అభిప్రాయం.

జానీ ఆ బృందంలో చేరిన తీరు వినదగినది. అన్న వెంట వచ్చి, మొదట హార్మోనికా పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కీబోర్డు ముందు నిలబెట్టారు. అప్పటికి ఇంకా ఏం వాయించాలో సరిగా తెలియక, తీసేస్తారేమోనన్న భయంతో, నెలల పాటు శబ్దం పూర్తిగా తగ్గించి వాయిస్తున్నట్టు చేతులాడించాననీ, ఇంటికి వెళ్లి నిజంగా నేర్చుకుంటూ కొద్దికొద్దిగా శబ్దం పెంచుకుంటూ వచ్చాననీ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ తర్వాతే గిటారు చేతికొచ్చింది. నెలల తరబడి శబ్దం లేకుండా నిలబడ్డ పిల్లవాణ్ణి భరించగల చోటు ఎక్కడ ఉంటుంది? గంటకు ఇంతని అద్దె కట్టే చోట ఉండదు. ఉచితంగా దొరికిన గదిలో మాత్రమే అంత ఓపిక సాధ్యం.

1987 నాటికి జానీ తప్ప మిగిలిన నలుగురూ బడి వదిలి, పై చదువులకు తలో ఊరికి వెళ్లిపోయారు. టామ్ ఎక్సెటర్‌కు, కాలిన్ కేంబ్రిడ్జికి, ఎడ్ మాంచెస్టర్‌కు, ఫిలిప్ లివర్‌పూల్‌కు వెళ్లారు. అంతకు ముందే ఐలండ్ రికార్డ్స్ అనే పేరున్న సంస్థ ఒప్పందానికి ముందుకు వస్తే, తాము ఇంకా సిద్ధంగా లేమనీ, చదువుకోవాలనీ చెప్పి వద్దన్నారు. సంగీతం పిచ్చిలో పిల్లలు చదువు పాడుచేసుకుంటారని భయపడే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతిని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చదువుల్లో ఉన్న ఆ ఏళ్లన్నీ బృందం చెదిరిపోలేదు. సెలవుల్లో, వీలైన వారాంతాల్లో సొంత ఊరికి వచ్చి సాధన చేసి, మళ్లీ ఎవరి దారిన వారు వెళ్లేవారు. కచేరీలు చాలా తక్కువ. మధ్యలో కొంతకాలం శాక్సోఫోన్లు వాయించేవాళ్లు కూడా బృందంలో ఉన్నారు.

1991లో చదువులు ముగించుకుని ఆక్స్‌ఫర్డ్‌లో ఒకే ఇంట్లో అద్దెకు దిగారు. ఆ ఊళ్లో జెరికో టావెర్న్ అనే పానశాల పై అంతస్తులో ఒక చిన్న వేదిక ఉంది. వాళ్ల తొలి కచేరీ కూడా బడి రోజుల చివర్లో జరిగింది ఆ వేదిక మీదే. రైడ్, సూపర్‌గ్రాస్ లాంటి పేరున్న బృందాలు కూడా ఆ ఊరివే. సూపర్‌గ్రాస్ లాంటివాళ్లు తర్వాత వచ్చినవాళ్లు. చిన్న ఊళ్లో వినడానికి వచ్చే పాతిక ముప్పై మందికి సరిపడే ఒక వేదిక ఉంటే దాని చుట్టూ ఎన్ని పాటలు పుడతాయో చెప్పడానికి ఆక్స్‌ఫర్డ్ ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక క్యాసెట్ల వ్యాపారిగా నాకు అన్నిటికంటే ప్రీతిపాత్రమైన ఘట్టం ఉంది. వాళ్లు అయిదు పాటలతో ఒక క్యాసెట్ చేసుకుని, ఆ ఊళ్లోని మానిక్ హెడ్జ్‌హాగ్ అనే రికార్డుల దుకాణం పేరే దానికి పెట్టి, అక్కడే అమ్మకానికి ఉంచారు. కాలిన్ మరో రికార్డుల దుకాణంలో గుమాస్తాగా పనిచేసేవాడు. ఈఎంఐ అనే పెద్ద రికార్డుల సంస్థ తరఫున ఆ దుకాణానికి సరుకు అమ్మడానికి వచ్చే కీత్ వోజెన్‌క్రాఫ్ట్ అనే ప్రతినిధి, తాను ఇకపై కొత్త కళాకారులను వెతికే విభాగానికి మారుతున్నానని చెప్పినప్పుడు, కౌంటరు వెనక నుంచి కాలిన్ తన బృందం క్యాసెట్‌ను అతని చేతిలో పెట్టాడు. కోర్ట్‌యార్డ్ అనే స్థానిక స్టూడియోకు చెందిన క్రిస్ హఫర్డ్, బ్రైస్ ఎడ్జ్ అప్పటికే వాళ్ల పాటలు రికార్డు చేసి, నిర్వాహకులుగా కుదిరారు. 1991 చివర్లో ఈఎంఐతో ఆరు ఆల్బముల ఒప్పందం జరిగింది. సంస్థ పేరు మార్చుకోమంది. టాకింగ్ హెడ్స్ అనే అమెరికా బృందం 1986లో విడుదల చేసిన ఆల్బములో ఒక పాట పేరును తీసుకుని రేడియోహెడ్ అయ్యారు. ఆ దృశ్యాన్ని నేను చాలాసార్లు ఊహించుకుంటాను. నా కౌంటరు దగ్గర కూడా కాలేజీ కుర్రాళ్లు తమ సొంత పాటల క్యాసెట్లు పెట్టి వినమని అడిగిన రోజులున్నాయి. వాటిని పంపడానికి నాకు తెలిసిన చిరునామా లేదు. ఆ క్యాసెట్లలో రెండు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

ఒప్పందం కుదిరాక మాత్రం అంతా పూలబాట అయిందా? 1992 మే నెలలో వచ్చిన 'డ్రిల్' అనే తొలి విడుదల బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో 101వ స్థానం దాటలేదు. తర్వాత పాల్ కోల్డరీ, షాన్ స్లేడ్ అనే అమెరికన్ నిర్మాతలతో చిప్పింగ్ నార్టన్ స్టూడియోలో కూర్చున్నారు. వేరే పాటలు సరిగా రాక విసుగు పుట్టిన ఒక రోజున, సాధనలో వాళ్లు ఊరికే వాయించిన 'క్రీప్' నిర్మాతల చెవిన పడింది. టామ్ ఆ పాటను సరదాగా 'మా స్కాట్ వాకర్ పాట' అనడంతో అది నిజంగానే స్కాట్ వాకర్ అనే మరో గాయకుడి పాట అనుకుని, మంచి పాటే గానీ వీళ్లది కాదే అని వాళ్లు మొదట బాధపడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో పాట విడుదలైతే బీబీసీ రేడియో 1 మరీ దిగులుగా ఉందంటూ పక్కన పెట్టింది. అమ్ముడుపోయినవి సుమారు ఆరు వేల ప్రతులు. జాబితాలో 78వ స్థానం. మీ వ్యాసకర్త రాత్రికి రాత్రే అన్న పాట తొలి ఫలితం ఇది.

1993 ఫిబ్రవరిలో 'పాబ్లో హనీ' వచ్చింది. బ్రిటన్‌లో 22వ స్థానం వరకు వెళ్లింది. 'క్రీప్'ను మొదట చెవికెక్కించుకున్నది ఇంగ్లండు కాదు. ఇజ్రాయెల్‌లో యోయవ్ కుట్నర్ అనే రేడియో వ్యాఖ్యాత దాన్ని పదే పదే వినిపించాడు. అక్కడ పెద్ద పాట అయింది, వాళ్లు వెళ్లి టెల్ అవీవ్‌లో కచేరీ చేశారు. తర్వాత అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో రేడియో అందుకుంది. అక్కడ గెలిచాక, 1993 సెప్టెంబరులో ఇంగ్లండులో మళ్లీ విడుదల చేస్తే ఏడో స్థానానికి చేరింది. మన పల్లెల్లో ఇంటి పిల్లవాడి పాట పొరుగూరివాళ్లు మెచ్చుకున్నాక గాని ఇంటివాళ్లు వినరు. అక్కడా అదే జరిగింది. ఆ పాటలోని కొంత రాగం 'ద ఎయిర్ దట్ ఐ బ్రీద్' అనే పాత పాటను పోలి ఉండటంతో, దాన్ని రాసిన ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్‌లకు కూడా రచయితలుగా పేరూ, వాటా ఇవ్వవలసి వచ్చింది. ఇదీ చరిత్రలో భాగమే కనుక దాచకుండా చెబుతున్నాను.

తర్వాతి రెండేళ్లు వాళ్లకు కష్టకాలం. ఊరూరా అదే పాట పాడమని అడిగే జనం ముందు పాడీ పాడీ టామ్ అలిసిపోయాడు. 1994 మొదట్లో రెండో ఆల్బముకు సిద్ధం కావాలనుకున్నప్పుడు వాళ్లు నేరుగా స్టూడియోకు వెళ్లలేదు. ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో ఒక పండ్లతోటలోని, వాడకుండా వదిలేసిన కొట్టంలో కూర్చుని సాధన చేశారు. పేరూ డబ్బూ వచ్చాక కూడా వాళ్లు వెతుక్కున్నది బడి గదిలాంటి చోటునే. ఆ తర్వాత లండన్‌లోని ఆర్ఏకే స్టూడియోలో జాన్ లెకీ పర్యవేక్షణలో రికార్డింగు మొదలైంది. ముందు ఒక విడి పాట కావాలని సంస్థ ఒత్తిడి పెట్టడంతో పని సాగలేదు. మధ్యలో పర్యటనకు వెళ్లి, తిరిగి వచ్చాక పూర్తి చేశారు. 'మై ఐరన్ లంగ్' అనే పాటకు లండన్ ఆస్టోరియాలో కచేరీలో వాయించినదాన్నే ఉంచి, గొంతు మాత్రం మళ్లీ పాడారు. బతికించేదే బంధించేది కూడా అవుతుందన్న ఆ పాట 'క్రీప్' గురించేనని అందరికీ తెలుసు. 1995 మార్చిలో వచ్చిన 'ది బెండ్స్' బ్రిటన్‌లో నాలుగో స్థానానికి చేరింది. వాళ్లను ఒక్క పాట బృందంగా కొట్టిపారేసినవాళ్లు ఆ ఆల్బముతో మాట మార్చుకున్నారు. నా మట్టుకు నాకు 'పాబ్లో హనీ' కంటే 'ది బెండ్స్' ఎంతో ఉన్నతమైనది. మొదటిది అమ్మడానికి తెచ్చాను, రెండోదాన్ని నా కోసం ఒకటి దాచుకున్నాను.

ఇప్పుడు మా ఊరి సంగతికి వస్తాను. మా అమ్మాయి కూతురు ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. మరో నలుగురు స్నేహితులతో కలిసి రెండేళ్లుగా పాటలు కడుతోంది. తను బేస్ గిటారు వాయిస్తుంది. వాళ్లవి తెలుగు పాటలే. మాటలు మన సీమ యాసలో ఉంటాయి, వాయిద్యాలు గిటార్లు, డ్రమ్ములు. వాళ్లకు గురువులు దొరికారు, వాయిద్యాలు కొనుక్కున్నారు, వినేవాళ్లు కూడా ఉన్నారు. దొరకనిది గది ఒక్కటే. అపార్టుమెంటులో డ్రమ్ములు వాయిస్తే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. వాళ్లను నేను తప్పుపట్టను, ఆ ఇళ్లలో ముసలివాళ్లూ, పరీక్షలకు చదివే పిల్లలూ ఉన్నారు. అద్దెకు తీసుకుందామంటే, తిరుపతిలో ఖాళీ గది అన్నది యాత్రికుడి కోసమే. రాత్రికి ఎంత వస్తుందో లెక్క తెలిసిన యజమాని, వారానికి మూడు గంటలు వాయించుకుంటామనే పిల్లలకు ఇవ్వడు. ఊరి చివర ఒక చోట గంటకు మూడు వందల చొప్పున కొన్నాళ్లు కట్టారు. గంటకు ఇంతని డబ్బు లెక్క చూసుకుంటూ కొత్త పాట కట్టడం కుదరక, వచ్చిన పాటలనే మళ్లీ మళ్లీ వాయించి వచ్చేవారు.

గత వేసవిలో ఒక విద్యాసంస్థను అడగడానికి పిల్లలతో పాటు నేనూ వెళ్లాను. ఆదివారం సాయంత్రం మూడు గంటలు, మూలనున్న ఏదో ఒక తరగతి గది, కరెంటు ఖర్చు మేమే పెట్టుకుంటామని చెప్పాం. ఇలాంటి సంగీతం ఈ పుణ్యక్షేత్రానికి తగదన్నారు. పిల్లలు నొచ్చుకున్నారు. నేను మాత్రం ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. ఎందుకంటే గదినీ, వారానికి ఒక రోజునీ పాటకు కేటాయించడం మన సంప్రదాయానికి పరాయిది అనుకుంటే, మా పల్లెలో నేను చూసినదంతా అబద్ధం కావాలి.

మాది చిత్తూరు దగ్గర పల్లె. మా చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా చిన్నదో పెద్దదో ఒక భజన గుడి ఉండేది. నాలుగు గోడలు, ముందు అరుగు, లోపల రాములవారి పటం, గోడకు వేలాడే తాళాలు, ఒక మూల హార్మోనియం పెట్టె, గుడ్డ కప్పిన మద్దెల. శనివారం రాత్రి అన్నాలు తిని అక్కడ చేరేవాళ్లం. ధనుర్మాసంలో తెల్లవారుజామునే. తాళం తప్పిన పిల్లవాణ్ణి పెద్దలు తిట్టేవారు గానీ వెళ్లగొట్టేవారు కాదు. నేను ఆరేడేళ్ల వయసులో తాళాలు పట్టుకుని, ఎక్కడ తప్పుతానోనని చప్పుడు కాకుండా చేతులు మాత్రం ఆడించేవాణ్ణి. జానీ గ్రీన్‌వుడ్ కీబోర్డు సంగతి చదివిన రోజున నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ అరుగే. అక్కడ కూర్చున్న పాతికమందిలో ఒకరిద్దరు హరికథకులయ్యారు, ఒకరు వీధినాటకాల్లో హార్మోనిస్టు అయ్యాడు, మిగిలినవాళ్లం పాటకు చెవి ఒగ్గడం నేర్చుకుని సేద్యాలకూ వ్యాపారాలకూ వెళ్లిపోయాం. ఎవరూ ఎవరినీ పేరు తెచ్చుకొమ్మని అడగలేదు. ఆ గది అద్దె ఎంతని కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది ఊరిది.

ఏబింగ్డన్ బడి జీతాలు కట్టి చదువుకునే బడి అనీ, ఆ పిల్లలకు ఇంట్లో లోటు లేదనీ నాకు తెలుసు. అలాగే అటువంటి గదుల్లో మొదలైన బృందాల్లో నూటికి తొంభై పైగా ఏ పేరూ లేకుండా కలిసి మెలిసి వాయించుకుని చెదిరిపోయి ఉంటాయి. మా మనవరాలి బృందం రేడియోహెడ్ అవుతుందని నేను అనడం లేదు. మీ వ్యాసం వచ్చిన మర్నాడు ఆ బృందంలో డ్రమ్ములు వాయించే అబ్బాయి తండ్రి పత్రిక చేతిలో పట్టుకుని మా ఇంటికి వచ్చి, "చూశారా, రాసిపెట్టి ఉంటే ఒక్క పాటతోనే వస్తుంది, లేకపోతే ఎన్నేళ్లు బాదినా రాదు, వీడికి వారం వారం ఈ తిరుగుడు ఎందుకు?" అన్నాడు. ఆయన మంచివాడే, కొడుకు మేలు కోరే అన్నాడు. ఆయనకు ఆ నమ్మకం కలిగించినది రాత్రికి రాత్రే అన్న ఆ మాట. 1985 నుంచి 1993 దాకా ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. విన్నాడు, కానీ అచ్చులో వచ్చిన మాటకు ఉన్న బలం నా నోటి మాటకు లేదు. అందుకే ఈ సవరణను కూడా అచ్చులోనే చూడాలని కోరుతున్నాను.

గాంధీ రోడ్డు దుకాణాన్ని 2004లో మూసేసినా, దాని వెనక సరుకు దాచుకునే చిన్న గది ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. ఈ ఏడాది సంక్రాంతి తర్వాత దాన్ని ఖాళీ చేయించి, గోడలకు కొబ్బరి పీచు చాపలు కొట్టించి, పిల్లలకు తాళం చెవి ఇచ్చాను. గోడకు ఆనుకునే సెలూన్ ఉంది. దానికి మంగళవారం సెలవు కనుక ఆ ఒక్క రోజే ఎంత గట్టిగా వాయించినా ఎవరికీ ఇబ్బంది లేదు. మిగిలిన రోజుల్లో వీలుకాదు. రెండు నెలలు తిరక్కుండానే మరో మూడు బృందాల పిల్లలు వచ్చి అడిగారు. వారిలో ఇద్దరు నాదస్వరం, డోలు నేర్చుకునే అబ్బాయిలు. వాళ్లకూ ఇంట్లో సాధన చేసుకునే వీలు లేదట. వాళ్లను తిప్పి పంపడం నాకు చాలా కష్టమనిపించింది.

తిరుపతిలో, చిత్తూరులో ఎన్నో బడులు, కళాశాలలు ఆదివారం పొద్దున్నుంచి సోమవారం పొద్దుటి దాకా తాళం వేసి ఉంటాయి. పెళ్లిళ్లు లేని నెలల్లో కల్యాణ మండపాల్లో వెనక గదులు ఖాళీగా ఉంటాయి. వారానికి ఒక సాయంత్రం ఒక్క గది తెరిచి ఇవ్వగల యాజమాన్యాలు, ఏ సంగీతమన్న పట్టింపు లేకుండా ఇవ్వగలిగితే, మీ పత్రిక తిరుపతి కార్యాలయానికి తెలియజేయమనీ, వచ్చిన వివరాలను స్థానిక పేజీలో ఒక మూల ప్రచురించమనీ నా మనవి. గది శుభ్రం, కరెంటు ఖర్చు, తాళం బాధ్యత తీసుకోవడానికి నాలాంటి విశ్రాంత వ్యాపారులు మరో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. మంగళవారాలు తప్ప ఏ సాయంత్రమైనా సరే.

ఇట్లు,
ఒకప్పటి క్యాసెట్ల దుకాణదారు,
గాంధీ రోడ్డు, తిరుపతి.